మూడు ప్రతులు

ఆ పుస్తకం పసుపు రంగులో ఉంటుంది.
అల్మారాలో, ఫ్లూ టీకా కరపత్రాల కింద పెడతాం.
ఎవరడిగినా ఇచ్చి తీరాలని చట్టం.
అడిగినవాళ్లకి ముందు కుర్చీ చూపించాలని,
మంచినీళ్లివ్వాలని,
ఈలోగా కోపం చల్లారుతుందని
మాలో మాకు ఇంకో చట్టం.

దెవొలిందా కూర్చోలేదు.
నీళ్లు తాగి, గ్లాసు తిరిగిచ్చి
"పుస్తకం" అంది.

ఒల్యావ్ రేవుకి ఆ వేళ పడవలింకా రాలేదు.
హాల్లో ఎవరూ లేకపోయినా
టోకెన్ మెషీను అరవై ఒకటీ అని అరిచింది.

కళ్లజోడు మరిచిపోయానంది.
ఆమెకి కళ్లజోడే లేదని ఊళ్లో అందరికీ తెలుసు.
తొమ్మిదో ఏట కవళ్ల తలలు తుంచడానికి
ఫ్యాక్టరీకి వెళ్లిన పిల్ల
బడి ముఖం ఎప్పుడు చూసిందని.
"నువ్వే రాయి.
నేను చెప్పినట్టు రాయి. అందంగా మార్చకు."

రాశాను.

మా ఆయన ఎర్మీనియు. డెబ్బై ఒకటి. వలలు బాగుచేస్తాడు.
(చేసేవాడు అని దిద్దబోయాను.
"చేస్తాడు" అంది.)
సోమవారం పొద్దున్నే దవడ నొప్పన్నాడు. ఎడమ పక్క. చెమటలు.
నడిచే వచ్చాం, బస్సు డబ్బులు దండగన్నాడు.
దారిలో రెండుసార్లు ఆగాడు
చేపల మార్కెట్టు గోడకి ఆనుకుని.
ఏమిటంటే బూటు లేసు అన్నాడు.
లేసులున్న బూట్లు ఆయనకి లేవు.
మూడో కిటికీలో ఆవిడ తలెత్తకుండా అంది:
పంటి డాక్టరు గురువారం వస్తాడు, అప్పుడు రండి.
చీటీ ఇచ్చింది.
బుధవారం రాత్రి పోయాడు.
గురువారం ఆ చీటీ కనబడింది. తొమ్మిదిన్నర అని ఉంది.
తొమ్మిదిన్నరకి ఇంటినిండా జనం,
నేను ఉల్లిపాయలు కోస్తున్నాను.

"ఉల్లిపాయల సంగతి కూడా రాయాలా?"
"రాయి. ఎందుకు రాయకూడదు?"

గడిలో చోటు చాల్లేదు. అంచులోకి పోయాను.

అన్నిటికంటే అడుగున ఒక ప్రశ్న:
ఫిర్యాదు ఎవరి మీద?
"పేరు తెలీదు" అంది.
"గొంతు తెలుసు. జలుబు చేసిన గొంతు."

ఏప్రిల్ నుంచీ నాకు జలుబు తగ్గలేదు.

ఆ సోమవారం వరసలో నలభై మంది.
ఫోను మోగుతూనే ఉంది.
ఇద్దరు డాక్టర్లలో ఒకరు సెలవు.
ఇదంతా నిజమే.
దీనికి ఆ పుస్తకంలో గడి లేదు.

ఫిలొమేనా దొ కార్ము వియెగాష్ అని రాశాను.
నా పేరు ఇంత పొడుగని ఎప్పుడూ గమనించలేదు.
కార్బను పుస్తకం,
గట్టిగా నొక్కితే తప్ప మూడో కాగితం దాకా దిగదు.
మొదటిది పైవాళ్లకి పోతుంది. రెండోది ఆమెది.
మూడోది పుస్తకంలోనే ఉండిపోతుంది,
అల్మారాలో, తాళం నా దగ్గరే.

ఆమె కాగితం చింపి ఇచ్చాను.
బోర్లా తిప్పి
ఈ అంచు నుంచి ఆ అంచుకి బొటనవేలితో తడిమింది,
నూనె కారుతుందేమోనని
డబ్బా అతుకు తడిమి చూసినట్టు.
నా పేరు దగ్గర వేలు ఆగిందో,
నాకే అలా అనిపించిందో.

"దిగింది" అంది.

నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దోపుకుని
తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.
"ఆ జలుబు ఎవరికన్నా చూపించుకో.
గురువారం దాకా ఆగకు."