తరుగు

మా మామ కొండాచారి పోత పోస్తాడు.
మా ఆయన ఒళ్ళు సానపెడతాడు.
ముఖాలు మాత్రం నావి.

నగర్తపేటలో, జరీ కొట్టు వెనక సందులో
రెండు మెట్లు దిగితే మా పని.
పొద్దున నా ముందుకొచ్చే దేవుళ్ళందరూ
కళ్ళు లేకుండానే వస్తారు.
మధ్యాహ్నం కరెంటు పోకపోతే
సాయంత్రానికి నలుగురైదుగురు చూస్తారు.

ఆ మంగళవారం హలసూరు నుంచి వనజాక్షమ్మ వచ్చింది,
స్టీలు టిఫిన్ డబ్బాలో
పాకే కృష్ణుణ్ణి పెట్టుకుని.
మెట్రో స్కానర్ దగ్గర ఆపేశారట.
తెర మీద నల్లగా, ఒక చెయ్యెత్తి, మోకాళ్ళ మీద
డబ్బాలో ఎవరో పాకుతున్నారట.
"ఏనమ్మా ఇదు?" అన్నాడట సెక్యూరిటీ పిల్లాడు.
"ఇంట్లోవాడే" అందట.

మూత తీస్తే ముఖం లేదు.
అంటే, ఉంది.
నీళ్ళలో మర్చిపోయిన సబ్బుబిళ్ళలా.
ముక్కు ఉండాల్సిన చోట ఒక మెరుపు.
నాలుగు తరాల శుక్రవారాలు తోమాయి వాణ్ణి,
చింతపండుతో, బూడిదతో, తర్వాత పొట్లాల పొడితో,
పండగ ముందురోజైతే ఇంకాస్త కసిగా.

"కళ్ళు పెట్టమ్మా" అంది.
"మా మనవరాలు ఉర్లగడ్డ స్వామి అంటోంది వీణ్ణి."

పీఠం తిప్పి చూశాను.
ఉలితో చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు,
ఎవరిదో పేరు సగం, కింద ముప్పై తులాలు.
త్రాసులో పెట్టాను.
మామ కళ్ళజోడు సర్దుకుని లెక్క కట్టాడు.
మూడున్నర తక్కువ.

బంగారమైతే
ఈపాటికి సందంతా పోగయ్యేది,
తరుగెంత, మజూరీ ఎంత, ఎవడి చేతివాటమని.
ఇత్తడి కదా, ముగ్గురం ఊరుకున్నాం.
మూడున్నర తులాల దేవుడు
ఎక్కడికి పోయినట్టు?
"తోమిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పోసేవాళ్ళం"
అంది ఆమే.
ఆ చెట్టు?
"స్థలం అపార్టుమెంటుకిచ్చాం కదా, కొట్టేశారు.
పులుసులోకి ఏం బాగుండేదో."

ఉన్నమాట చెప్పాను.
కన్ను చెక్కాలంటే లోపలికి దిగాలి.
దిగేకొద్దీ ముఖం చిన్నదవుతుంది.
ముక్కు లేవాలంటే బుగ్గలు తియ్యాలి.
తియ్యడమే గానీ
ఉలికి పెట్టడం రాదు.
"కరిగించి మళ్ళీ పోద్దాం. అదే ఇత్తడి, వాడే."
మామ రోజూ అనే మాటే. తప్పేం కాదు.
ఆమె డబ్బా దగ్గరికి లాక్కుంది.

టీ తాగాం.
పైన రోడ్డు మీద ఎవడో హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు.
ఆమె బొటనవేలు వాడి ముఖం మీదే తిరుగుతోంది,
తెలీకుండానే
ఇంకో పిసరు అరగదీస్తూ.

"సరే, ముఖం వద్దు" అంది చివరికి.
"ఆ చేతిలో వెన్నముద్దన్నా గుండ్రం చెయ్యి."
చూస్తే అదీ సగమే ఉంది.
"తినేశాడు" అన్నాను.
ఆమె నవ్వడానికి కొంచెం టైము పట్టింది.

సన్నటి ఆకురాయి. పదిహేను నిమిషాలు.
ముద్ద గుండ్రమైంది, ఇంకాస్త చిన్నదైంది.
డబ్బులొద్దంటే వినలేదు. యాభై పెట్టి
మళ్ళీ ఆ స్కానర్ ఎందుకని
ఆటో మాట్లాడుకుని వెళ్ళింది.

రాత్రి నేల ఊడుస్తాను.
రజను పారబొయ్యం.
వినాయకుడి తొండం కింద రాలిందీ,
లక్ష్మి చెవి వెనకదీ, ఈ వెన్న పొడీ
అన్నీ ఒకే డబ్బాలోకి.
సోమవారం మూసలో పడతాయి.
ఎవరి ముక్కు ఎవరికి వెళ్తుందో
నన్నడక్కండి.

చేతులు ఎంత కడుక్కున్నా
పెరుగన్నం కలిపిస్తే
మా చిన్నాడు ముద్ద ఎత్తి వాసన చూస్తాడు.
"అమ్మా, ఇత్తడి" అంటాడు.
అని, తినేస్తాడు.