పదిహేడో పేరు

హిరమండలం ఇరిగేషన్ ఆఫీసులో
టేకు బోర్డు మీద పదహారు పేర్లు.
అన్నిటి ముందూ శ్రీ.
ఆ ఒక్క అక్షరం కోసం మా నాన్న
రేకు కత్తిరించి అచ్చు చేసుకున్నాడు.
నా సంచిలో ఇంకా ఉంది,
అంచుల్లో నలభై ఏళ్ళ తెల్లపెయింటు.

పదిహేడో వరసకి సుద్దతో గీత కొట్టి అడిగాను:
"శ్రీమతా, కుమారా, మేడం?"
ఫైల్లోంచి తలెత్తలేదు.
"ఏటీ వద్దు. పేరు రాయ్."

దుంగ తవిటమ్మ.

ముందు పుట్టినోళ్ళు దక్కకపోతే
చేటలో పడుకోబెట్టి పక్కింటికిచ్చేసి
గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్న పిల్ల.
మా వైపు వీధికొకరుంటారు.
"డి.టి. అమ్మ అని పొట్టిగా రాసీమంటారా?"
"పొట్టిగా ఎందుకూ, బోర్డు పొడుగ్గానే ఉంది గదా."

'దుంగ' దాకా వచ్చేసరికి వాన.
ఒడిశా కొండల మీద మధ్యాహ్నం పట్టిందట,
దీపాల వేళకి మా నెత్తి మీదుంది.
పెయింటు ఆరలేదు. బస్సు రాలేదు.
వరండాలో ఉండిపోయాను.

రాత్రంతా గొట్టా నుంచి లస్కర్ల ఫోన్లు:
నలభై వేలు, యాభై రెండు వేలు, ఎనభై.
క్యూసెక్కులంటే నాకేం తెలుసు,
నా కొలత లీటరు డబ్బా.

మధ్యలో వేరే గొంతు, వరండా దాకా వినబడేంత.
ఇసుక లారీలు ఏట్లో ఉన్నాయి, గంట ఆగమని.
బోర్డు మీది పదహారుగురిలో
ఎవరెవరు ఆగారో పేరుపేరునా చెప్పింది.

"మనుషులున్నారా లారీల్లో?
సైరన్ కొడుతున్నాను. పావుగంటలో గట్టెక్కించండి.
లారీలంటారా, ఈతొస్తే అవే వస్తాయి."

ఫోను పెట్టేశాక
మంచినీళ్ళ గ్లాసు ఆవిడ చేతిలోంచి
బల్ల మీద రెండుసార్లు టకటకలాడింది.
చూశాను.
చూడనట్టు బ్రష్షు కడుక్కున్నాను.

పావుగంటకి గేట్లు లేచాయి.

తెల్లారి బ్యారేజీ నుంచి బురదకాళ్ళతో వచ్చి
కుర్చీలోనే నిద్రపోయింది.
వీపు వెనక పాత దొరగారి తువ్వాలు
ఎప్పుడు జారిందో, నేల మీదుంది.

నేను మిగతా అక్షరాలు రాసేశాను.
రేకు బయటికి తియ్యలేదు.
మూలన ఎప్పుడూ టీ.వై. ఆర్ట్స్ అని పెట్టేవాణ్ణి,
ఈసారి తవిటయ్య అని రాశాను.
తడికి యవత్తు కాస్త జారింది. తుడవలేదు.

'నుంచి' కింద తేదీ వేశాను.
'వరకు' కింద ఖాళీ.
రాత్రి ఫోను సంగతి తెలిసి
ఆ ఖాళీ ఎన్నాళ్ళుంటుందో
సెక్షన్లో అప్పుడే లెక్కలు కడుతున్నారు.

నేను పేరు మీద
రెండో కోటింగు వేస్తున్నాను.