ఆరో దినుసు

గింపీ దాటాక, మేరీ నది పక్కన రేకుల షెడ్డు.
తెల్లవారుజామున ఐదింటికి గొట్టాలు విప్పుతారు.
ఎర్రమట్టి కారిపోతుంటుంది,
బెల్టు మీద అల్లం వస్తూనే ఉంటుంది.

దీన్ని వీళ్ళు చెయ్యి అంటారు.
ఒక చెయ్యి, రెండు చేతులు, పెట్టెడు చేతులు.
మనం కొమ్ము అన్నాం.
వాళ్ళకి అందుకునేది కనపడింది,
మనకి కుమ్మేది.

విరిగిన వేళ్ళు ఏరి పక్కన పడెయ్యడం నా పని.
బెల్టుకి అవతల ముత్యాలమ్మ నాయుడు,
అరవై రెండేళ్ళు, ఫిజీలో రాకీరాకీ.
ఆ పేరు చూసి మొదటిరోజే
గుక్క తిప్పుకోకుండా తెలుగులో మాట్లాడేశాను.
ఆవిడ ఇంజను ఆగేదాకా ఆగి
'ఇంగ్లీషులో చెప్పు' అంది,
ఇంగ్లీషులోనే.

అమ్మమ్మ పదేళ్ళప్పుడు మద్రాసులో ఓడెక్కిందట,
చెరుకు నరకబోయే తల్లి కొంగు పట్టుకుని.
ఆ తెలుగు కూతురి దగ్గరకొచ్చేసరికి సగమైంది.
ఈవిడ దగ్గర, గిన్నె అడుగున మిగిలినంత.

టీ వేళకి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.
లోపల మడతల దగ్గర చిరిగిన కాగితం,
అమ్మ చేతిరాత, ఇంగ్లీషు అక్షరాల్లో:
జ్వరం చారు.
అల్లం
పసుపు
మిరియాలు
చింతపండు
ఉప్పు
చాలు

'ఐదూ దొరికాయి. ఈ ఆరోదే దొరకలేదు.
సువాలో అడిగాను, లౌతోకాలో అడిగాను.
బ్రిస్బేన్‌లో ఒక కొట్టువాడు వాము చేతిలో పెట్టాడు,
ఇంకొకడు ఇంగువ.
నలభై ఏళ్ళుగా కాస్తున్నాను,
అమ్మమ్మ చారు రుచి రాదు.
ఇదొక్కటి లేకే.'

నవ్వు గొంతుదాకా వచ్చింది.
పచ్చి అల్లం కొరికినట్టు అక్కడే మండి ఆగిపోయింది.

పొయ్యి ముందు ముసలావిడ చెబుతోంది.
కూతురు రాసుకుంటోంది.
ఉప్పు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఊపి
చాలు అంది.
కూతురు అదీ రాసుకుంది.
దేనికి చాలందో ఎవరికి తెలుసు?
ఉప్పుకా, చెప్పడానికా,
అన్నేళ్ళ చెరుక్కా.

మా దుగ్గిరాలలో పసుపు ఉడికే రోజుల్లో
ఊరికి ఊరే మట్టివాసన.
పప్పులో ఎంత పసుపు వెయ్యాలని అడిగితే
మా పెద్దమ్మ గరిటె ఎత్తి
'చాలనిపించిందాకా' అనేది.
ఆవిడ వంటకి అంతకుమించి కొలత లేదు.
మరి అదీ దినుసే కదా.

ఆ రోజు చెప్పలేదు.
నలభై ఏళ్ళ వెతుకులాటని
ఒక్క మాటతో ఎలా ఆపను?

శనివారం వాళ్ళింటికి వెళ్ళాను.
షెడ్డు వద్దన్న విరిగిన వేళ్ళు శేరుడు తీసుకెళ్ళాను.
పెరట్లో పచ్చి పసుపు ఆవిడే తవ్వింది.
అల్లం చితక్కొడితే
వంటిల్లు ఒక్కసారి తుమ్మింది.
ఆవిడ పసుపు కొమ్ము తురుముతోంది,
వేళ్ళూ గోళ్ళూ గట్టూ పచ్చన,
గిన్నెలోకి రాలుతూనే ఉంది, రాలుతూనే ఉంది.
మణికట్టు పట్టుకున్నాను.
'చాలు' అన్నాను.

ఆగింది.
నా చేతిని చూసింది, కాగితాన్ని చూసింది.
'అంతేనా?'
'అంతే.'
స్టూలు లాక్కుని కూర్చుంది.
చారు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది,
ఇద్దరం లేవలేదు.
కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది.
కళ్ళు తుడుచుకుంటే చెంపలకి పసుపంటింది.
చివరికి ఒక గరిటెడు ఊదుకుని తాగి
'ఉప్పు తక్కువైంది' అంది.

సోమవారం బెల్టు మీద అల్లం విరగబడి వచ్చింది.
ఆవిడ పెట్టె నిండి, పొర్లి,
బూట్ల మీద పడుతుంటే
ఇంజను హోరుని మించి అరిచింది:
చాలు!
మీట దగ్గరున్న ఎర్రజుట్టు కుర్రాడు
ఏమర్థమైందో ఏమో,
ఆపేశాడు.