అంగుళం గుడ్డ

రేపు పొద్దున మోటారు మిషను వస్తుంది.
ఆరు వేలు నష్టానికి చీటీ పాడినా దానికోసరం.
ఈ పొద్దు దానికి చోటు చెయ్యాల.

కొర్లగుంటలో ఈ గది వెడల్పు ఏడడుగులు.
తలుపు తీస్తే కొండ అగపడుతుంది,
మూస్తే గుడ్డపేలికలే.

తొక్కుడు మిషను ముందు బయటికి లాగినా.
దాని కింద మూడు బాబిన్లు, తుప్పు పట్టిన సూది,
ఎండిపొయ్యిన బల్లి,
ఒకప్పుడు ఇల్లంతా వెతికించిన నా కమ్మ మర.
కమ్మలు కుదువలో మునిగి పదేండ్లాయె,
మర ఒకటి ఎందుకింక?
చేటలోకి ఊడ్చేసినా.

ఎవురూ తీసుకుపోని జాకెట్లు ఒక గోతాం.
ఒకదానికి చీటీ గుచ్చిండాది:
"శుక్రవారం తప్పకుండా."
ఏ శుక్రవారమో రాయలా.

తర్వాత కొలతల పుస్తకాలు.
పదకొండు.
నూనె మరకల అట్టలు, ఒకదాన్ని చెదలు సగం చదివేసినాయి.

మంగపతి కూతురు పరికిణీతో మొదలయ్యింది,
ఛాతీ ఇరవై ఎనిమిది.
ముప్పై. ముప్పై రెండు.
పెండ్లికి ముప్పై నాలుగు, ఎర్ర పట్టు.
మరుసటేడు పక్కన నేనే రాసుకున్నా:
బిడ్డ తాగుతుంది, హుక్కులు ముందుకు.

గంగమ్మ జాతర పేజీలు తిప్పితే నవ్వాగదు.
ఆటో తోలే సిద్దయ్య, మొక్కుబడి లంగా, జాకెట్టు,
నడుము నలభై రెండు,
కుచ్చిళ్లు ఎక్కువ కావాలంట.
"సిగ్గుపడతా ఉండాడు, బేగి ఇచ్చి పంపాల."

చెంగమ్మ టీచరు పేజీలో రెండు సిరాలు.
నీలం సిరాలో రెండు పక్కలూ సమానం.
నల్ల సిరాలో,
"ఎడమ పక్క దూది పెట్టాల. ఎవురికీ చెప్పకూడదు."
చెప్పలా.
ఆ మూడు జాకెట్లూ రాత్రిపూట, తలుపేసుకోని కుట్టినా.
ఆ తర్వాత పేజీ ఖాళీ.

పాతపేపర్ల పాపక్క త్రాసుతో వచ్చింది.
తాడేసి కట్టి ఎత్తింది.
తొమ్మిదిన్నర.
ముప్పై ఏండ్ల కొర్లగుంట ఆడోళ్లంతా కలిపి
తొమ్మిదిన్నర కిలోలు!
తాడుకు అర కిలో తీసెయ్యమంది.
ఏం తాడు తల్లీ అది, తేరు లాగేదా, అంటిని.
చానాసేపు బేరమాడినా.
ఏడుపు మింగేదానికి
బేరం కంటే మంచి మందు లేదు.

ఆగు పాపక్కా, అని కట్ట విప్పించినా.
టీచరు పేజీ చించి దాచుకుందామనే.
యాడ దాచేది? దాస్తే మళ్లా దానికొక చోటు.
అట్లని ఏ శనక్కాయల పొట్లంలోనో
ఎవురో చదవకూడదు కదా.
నల్ల సిరా మాట వరకే కత్తెరేసి
పొయ్యిలో పెట్టినా.
మిగిలిన కాయితం తూకంలోకే పొయ్యింది.

గది కసువు తోసినా.
మిషను ఆనుకున్న కాడ గోడ
మొన్న సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాది.
కొత్త పుస్తకం తెరిస్తే
మొదటి పేజీలో ఎవురి పేరు?

ఊరందరి ఒళ్లూ కొలిచినా గాని
నన్ను నేను కొలుచుకోలా ఎప్పుడూ.
పాత జాకెట్టు ముందర పరుచుకోవడం,
అదే మాదిరి కోసుకోవడం.

"ఈ టేపు కొస కొంచెం పట్టుకో పాపక్కా, ఎనకాల."
త్రాసు కింద పెట్టి వచ్చింది.
ఆయమ్మకు చత్వారం,
అంకె అగపడక గోరు గుచ్చి పట్టుకునింది.
ముందుకు తెచ్చి చూస్తే ముప్పై తొమ్మిది.
నేనింకా ముప్పై ఆరు కాడనే ఉండాననుకుంటి.

కుట్టేటప్పుడు లోపల అంగుళం గుడ్డ వదులుతాం,
రేపు ఒళ్లొస్తే విప్పుకునేదానికి.
బయటికి అగపడదు. దానికి దుడ్లూ అడగం.

రాసినా.
దేశమ్మ. ముప్పై తొమ్మిది.
లోపల రెండంగుళాలు.