బక్కెట్లో పద్నాలుగు రోజులు

మైపాడు రోడ్డులో మా ల్యాబు.
రొయ్యకు రోగముందో లేదో చీటీ రాసిచ్చే చోటు.
లోపల మిషను తిరుగుతున్నంతసేపూ
బయట బల్ల మీద రైతులు
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చుంటారు.
చేతుల సంగతి ఎట్లున్నా
కళ్ళు పెట్టుకోవడానికని
ఓనరు ఒక గాజుతొట్టి కొన్నాడు.

చూసుకోవాల్సింది నేను.

అందంగా ఉన్నాయని రెండు మగ గౌరామిలు తెచ్చాడు.
మూడోనాటికి ఒకటి ఫిల్టరు వెనక నక్కింది,
తోక చిరిగిన గాలిపటంలా.
దాన్ని వాపసు ఇచ్చొచ్చాను.
మీసాలు కొరుకుతున్నాయని చారల బార్బుల్నీ ఇచ్చేశాను.
మిగిలింది ఇదొక్కటే, బొటనవేలంత.
ఎర్రటి ఒంటి మీద
సిరా కారిన రిజిస్టరు గీతల్లా నీలం.
తోడు తొమ్మిది నియాన్లు.

దాని మీసాలే దాని చేతులు.
కొత్త రాయి పెడితే ముందు తాకి చూస్తుంది
చీకట్లో స్విచ్చి వెతుక్కునే మనిషిలా.
ధార గట్టిగా పడితే దానికి గిట్టదు,
ఫిల్టరు మూతికి స్పాంజి ముక్క కట్టాను.
మా బోరు నీళ్ళు ఉప్పన.
కోవూరు నుంచి స్కూటీ ముందు క్యానులో పంపునీళ్ళు,
రాత్రంతా మూత తీసి ఉంచి, మందు వాసన పోయాక
వారానికి పావు తొట్టి మారుస్తాను.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
నియాన్లు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.
ఇది నింపాదిగా లేచి
ఒక గుక్క గాలి మింగి
తన పని మీద తాను పోయింది.
"ఇదేందిమా, దీనికి ఏరేటరు ఖర్చే లేదే!"
అన్నాడు పెంచలయ్య. గంగపట్నం పక్కన రెండు గుంటలాయనకి.
బల్లంతా నవ్వింది.

ఆ సాయంత్రం ఆయన చీటీ మీద
తెల్లమచ్చ, పాజిటివ్ అని నా చేతే రాశాను.
నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.
నా వైపు చూళ్ళేదు, తొట్టి వైపే చూశాడు.
"దీనికి గూడా వస్తాయా రోగాలు?"
వస్తాయన్నాను.
ఈ జాతికే ఒకటుంది, మందు లేదు.
రంగు దిగి, పొట్ట ఉబ్బి, మూల చేరుతుంది.
నీళ్ళు బాగుంచడం, కొత్తదాన్ని వెంటనే కలపకపోవడం,
పొద్దున్నే తిండికొచ్చిందో లేదో చూడటం,
పైన ఆకుల నీడ.
"అంతేనా?"
అంతే.

నెల తర్వాత శాంపిలు లేకుండా వచ్చాడు.
చేతిలో నీళ్ళు కారే ప్లాస్టిక్ సంచి,
కాలవలో పీకిన అంతరతామర.
"పైన నీడుంటే మంచిదంటివే."

తీసుకున్నాను.
తొట్టిలో వెయ్యలేదు.
వరండాలో బక్కెట్టుకి నీళ్ళు పట్టి అందులో వేశాను.
పద్నాలుగు రోజులాగాలి, నత్తో, పురుగో,
అంటూంటే నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది,
ఇంటికొచ్చిన మనిషిని గడప బయట నిలబెట్టినట్టు.

ఆయన బక్కెట్టు వైపు చానాసేపు చూశాడు.
"మంచి పనిమా.
మేం సీడు లారీ దిగీ దిగంగానే వదిలితిమి."

పదిహేనో రోజు లెక్క తప్పకుండా వచ్చాడు.
చెయ్యి మోచేతిదాకా కడుక్కుని
ఆకుల్ని తనే నీళ్ళ మీద పెట్టాడు.
గౌరామి రాలేదు.
కాసేపు నిలబడి, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.
అప్పుడొచ్చింది,
ఒక మీసంతో వేరు తాకింది,
తర్వాత రెండోదాంతో.

మర్నాడు ఆకు కింద తెల్లటి బుడగల గూడు.
ఆడది లేదు ఈ తొట్టిలో.
అయినా కట్టింది.

బల్ల మీద కొత్త రైతు ఎవరో
ముందుకు వంగి కంగారుగా అడిగాడు:
"మేడం, నురగొచ్చిందే, నీళ్ళు చెడినాయా?"

లేదు, బాగున్నాయి, అన్నాను.
లోపల మిషను కూసింది.
చీటీ ఆయనదే.