బొటనవేలు

సూర్‌ల ఓడలు కట్టే యార్డు వెనక
రేకుల షెడ్డు నాది.
ఓడకు పనికిరాని టేకు ముక్కలు,
సిదర్ కట్టె (మన రేగుచెట్టుకు పెద్దన్న)
ఎండకు వాసనొస్తుంటయి.

ఖమీస్ బాబా తువ్వాలల చుట్టి తెచ్చిండు.
"ముందు ఈ కాయితం సూడు" అన్నడు,
లైసెన్సు మడతలిప్పుకుంట.
"మా మేనమామ రివాల్వర్. జాంజిబార్ నుంచి
లవంగాల బస్తాల నడుమ వచ్చింది."
ముక్కు కాడ పెట్టుకున్న.
లవంగం లేదు, కొబ్బరినూనె కంపు.
బాబా, కొబ్బరినూనె తలకు.
ఇనుము మీద అది బంకైతది.

గేటు తెరిచి ఒక్కో గదీ తిప్పి సూసిన.
ఆరు గదులు. ఆరూ ఖాళీ.
మళ్లొకసారి సూసిన.
ఇరుసు గుంజి, చక్రం ఊడదీసి
కిరసనాయిల్ల నానబెడితే
ముప్పై ఏండ్ల సముద్రం
నల్లగ దిగింది గిన్నెల.
పండ్లు తోముకునే పాత బ్రష్షుతోని రుద్దిన.
లోపల ఏమున్నది?
మూడు స్ప్రింగులు, రెండు కొక్కేలు.
మా ఇంటి గొళ్లెం కన్నా పెద్ద ఇకమతేం కాదు.

ఇది ట్రిగ్గర్ నొక్కితే పలికే జాతి కాదు.
ప్రతిసారీ బొటనవేలుతోని
వెనకున్న గుర్రాన్ని గుంజాలె.
టిక్. టిక్. టక్.
టకా.
నాలుగుసార్లు అడుగుతది మనిషిని,
నిజంగనేనా అని.

బాబా కష్టం గిక్కడనే.
వలల తాళ్లు గుంజి గుంజి
బొటనవేలి కీలు బిగుసుకపోయింది.
రెండో సప్పుడు కాడ ఆగిపోతది.
"వేలు మార్చలేవు గదా, తుపాకి మార్చు."

గోధుమపిండి ముద్ద చేతుల పెట్టి
పిడికిలి పట్టుమన్న.
సరిగ్గ పట్టలేకపోతే నేనే
ఆయన వేళ్ల మీద నా వేళ్లు పెట్టి ఒత్తిన.
ఈ దేశమొచ్చి పదకొండేండ్లు,
ఒక అర్బాబు చెయ్యి పట్టుకునుడు
ఇదే మొదలు.

ఆయన నా బొటనవేలు తిప్పి సూసిండు.
గీతల్లేవు.
ఉలి కొంత, ఇసుక కాయితం కొంత తిన్నయి.
కార్డు మార్చే ఆఫీసుల మిషన్
మూడుసార్లు నన్ను కాదన్నది.
"నువ్వెవరో దానికి ఎరుక లేదా?"
అని నవ్విండు.
నేను గూడ నవ్విన గని
ఆ పొద్దు నవ్వలే.

తొమ్మిది రాత్రుల పని.
గుర్రం తోకను ఎర్రగ కాల్చి
పావు అంగుళం కిందికి వంచిన,
బొటనవేలికి అందేటట్టు.
పెద్ద స్ప్రింగును ఇంత పలచన చేసిన.
లోపటి కొక్కెం పన్నును మాత్రం ముట్టలే.
ఆడ ఆకురాయి వెంట్రుకవాసి ఎక్కువ తగిలితే
మాట వినని సామానైతది.
పిడికి సిదర్ చెక్కిన,
పిండి ముద్దను పక్కన పెట్టుకొని,
బాబా ఎముకల గుంతలన్నీ
కట్టెకు నేర్పుకుంట.

ఖాళీ తుపాకి, కండ్లు మూసుకొని గుంజిండు.
టిక్. టిక్. టక్.
టకా.
ఏం మాట్లాడలే చానసేపు.
తర్వాత నాకు తెల్వనట్టు చెప్పిండు:
"ఐదే నింపాలె. ఆరో గది ఖాళీ ఉంచి
గుర్రాన్ని దాని మీద పండబెట్టాలె.
అప్పుడే జేబుల పెట్టుకొని తిరిగేటోడు బతుకుతడు."

మా రూముల ఆరు మంచాలు.
ఐదుగురం.
జీతం రాని నెల, ఫోరుమన్ తిట్టిన దినం
ఎవ్వడొచ్చినా ఆ ఖాళీ మంచం మీదనే
కొంచెంసేపు కూసుంటడు.
ఎందుకో ఇన్నేండ్లు సోయి లేదు.

ఇరవై రియాళ్లు, ఒక పెద్ద కనద్ చేప ఇచ్చిండు.

ఎండలు ముదిరినంక మళ్లొచ్చిండు,
నూనె పెట్టిచ్చుకపోనీకి.
సిదర్ పిడి మీద చెమట దిగి
బొటనవేలు ఆనే కాడ నల్లగైంది.
గీతలు గూడ కనవడ్డయి నాకు.
అంతా తుడిచిన,
అదొక్కటి ఇడిచిపెట్టి.

పిండి ముద్ద ఇంక నా బల్ల మీదనే ఉన్నది,
రాయోలె ఎండి.
ఒక్కోనాడు దీపం తీసేముందు
అందుల నా చెయ్యి పెట్టి సూస్త.
వేళ్లు నాలుగూ ఒదులైతయి.
బొటనవేలు మాత్రం
సరిపోతది.