పదిహేను కిలోలు

కోఠీ, గుజరాతీ గల్లీలో
ఇంతియాజ్ భాయ్ కౌంటర్ మీద
ఆరువందల ఎంఎం లెన్సు
గోల్కొండ ఫిరంగి కన్న పిల్లలా పడుకుంది.

"మసాయ్‌మారా దుమ్ము బేగంబజార్ మిర్చి ఘాటు మేడమ్,
సందు దొరికితే చాలు.
రెండు బాడీలు పట్టుకెళ్లండి, అక్కడ లెన్సు విప్పొద్దు."
ఆయన ఆఫ్రికా చూళ్లేదు.
తిరిగొచ్చిన అద్దె లెన్సుల్ని
ముప్పయ్యేళ్లుగా దులుపుతున్నాడు.

మెట్ల మీంచి పైకెత్తి చూశాను.
మాంసం కొట్టు మీద తిరిగే గద్ద
అమాంతం కంట్లో వాలింది.
ఎడమ రెక్కలో ఒక ఈక లేదు.
ఇరవయ్యారేళ్లు ఈ దారినే
బ్యాంకుకు నడిచాను.

చిన్న విమానంలో మనిషికి పదిహేను కిలోలేనట.
మలక్‌పేటలో పాతపేపర్ల సాయిలు
కాటా కొక్కేనికి సంచి తగిలించాడు.
పదిహేడున్నర.
ట్రైపాడ్ తీశాను. రెండో స్వెటర్ తీశాను.
బీన్‌బ్యాగు ఖాళీదే మడిచాను,
బియ్యం అక్కడే పోసుకోవచ్చు.
గద్దను చూపించిన లెన్సు మీద
చెయ్యి వేసి, తీసేశాను, చెయ్యినే.

"సింహాన్ని గూడ జోకి తెస్తరా అమ్మా?"
సాయిలు పైసలు తీసుకోలేదు.
ఏనుగు ఫొటో కావాలన్నాడు, కాగితం మీద.
ఫోన్‌లో పంపుతానంటే ఒప్పుకోలేదు:
"కాయితమైతే
ఎన్నడన్న నా కాటా మీదికే వస్తది."